మదర్‌బోర్డు బయోస్‌ను పాత వెర్షన్‌కు మార్చడం

విద్యార్థులారా, కంప్యూటర్ స్విచ్ నొక్కగానే విండోస్ గాని, లైనక్స్ గాని నేరుగా మొదలవదు. ముందుగా మదర్‌బోర్డు మీది ఒక చిన్న ఫ్లాష్ చిప్‌లో ఉన్న ప్రోగ్రామ్ పనిచేస్తుంది. అది ప్రాసెసర్‌ను, మెమొరీని సిద్ధం చేసి, డిస్కును గుర్తించి, ఆ తరువాతే ఆపరేటింగ్ సిస్టమ్‌కు పని అప్పగిస్తుంది. ఇదే బయోస్. ఇప్పటి బోర్డుల్లో ఉన్నది యుఇఎఫ్ఐ అయినా, దుకాణాల్లో అందరూ బయోస్ అనే అంటారు. మనమూ అలాగే అందాం.

కొత్త బయోస్ ఎక్కించాక ఒక్కొక్కసారి కొత్త చిక్కులు వస్తాయి. నిన్నటిదాకా బాగా నడిచిన మెమొరీ పూర్తి వేగంతో నడవదు. స్లీప్‌లోకి పోయిన యంత్రం మళ్ళీ లేవదు. అప్పుడు పాత వెర్షన్‌కు పోదామనిపించడం సహజమే. అయితే, ఆ కొత్త వెర్షన్ ఎందుకు వచ్చిందో ముందు తెలుసుకున్నారా?

2023లో కొన్ని బోర్డుల్లో ఎఎండి రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లు కాలిపోయాయి. అప్పుడు ఎస్‌ఓసి వోల్టేజి 1.3 వోల్టులు దాటకుండా కొత్త బయోస్‌ల ద్వారా కట్టడి చేశారు. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు అవసరానికి మించిన వోల్టేజి అందుతున్నదని తేలింది. దానికి విరుగుడైన మైక్రోకోడ్ కూడా బయోస్‌లోనే వచ్చింది. ఇలాంటి బోర్డులో వెనక్కి పోతే ఆ రక్షణ పోతుంది. ఒకసారి దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఏ బయోసూ బాగుచేయలేదు. మెమొరీ చిక్కు ఒక్కటే అయితే, వెనక్కి పోవడం కంటే మెమొరీ వేగం కొంచెం తగ్గించి చూడడమే మేలని నా అభిప్రాయం.

ఎక్కువమంది పొరబడేది ప్రాసెసర్ విషయంలో. ఏఎం4 సాకెట్ బోర్డునే తీసుకోండి. 2017లో మొదటి రైజెన్‌తో కొన్న బోర్డులో, తరువాత రైజెన్ 5000 ప్రాసెసర్ పెట్టుకున్నారనుకుందాం. ఆ ప్రాసెసర్లు వచ్చింది 2020 నవంబరులో. అంతకు చాలా ముందటి బయోస్‌కు వాటి ఊసే తెలియదు. అది ఎక్కించిన మరుక్షణం ఫ్యాన్లు తిరుగుతాయి గాని తెర మీద ఏమీ రాదు. కాబట్టి మీ ప్రాసెసర్ ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో తయారీదారు ఇచ్చే పట్టికలో చూసి, అంతకంటే కిందికి పోవద్దు. కొన్ని వెర్షన్ల పక్కన 'దీని తరువాత వెనక్కి పోవడం కుదరదు' అని రాసి ఉంటుంది. ఆ మాటను నమ్మండి. కాదని బలవంతంగా ఎక్కించే మార్గాల జోలికి పోకండి.

ఇక పనిలోకి దిగుదాం. విండోస్‌లో బిట్‌లాకర్ నడుస్తుంటే ముందు దాన్ని తాత్కాలికంగా ఆపి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. బయోస్ మారితే టీపీఎమ్‌లోని కొలతలు మారతాయి. అప్పుడు కంప్యూటర్ ఆ కీ అడుగుతుంది. కీ లేకపోతే బయోస్ బాగానే ఉంటుంది, మీ ఫైళ్ళు మాత్రం మీకు అందవు. ఇప్పుడున్న సెట్టింగులను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కొత్త వెర్షన్‌లో దాచుకున్న ప్రొఫైల్‌ను పాతది చదవకపోవచ్చు.

బోర్డు పేరు ఒకటే అయినా రివిజన్లు వేరుగా ఉండవచ్చు. ఆ సంఖ్య బోర్డు మీదే అచ్చువేసి ఉంటుంది. దానికి సరిపోయే ఫైలును తయారీదారు సైటు నుంచి మాత్రమే దించుకొని, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. విండోస్‌లో నుంచి కాక, బయోస్ మెనూలో ఉండే ఫ్లాష్ సాధనంతోనే ఎక్కించండి. చిప్‌ను చెరిపి తిరిగి రాస్తున్న ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే చిప్‌లో సగం ప్రోగ్రామే మిగులుతుంది. కరెంటు కోతలున్న ఊళ్ళో యుపిఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. ఆ యుపిఎస్ బ్యాటరీ నిజంగా నిలుస్తుందో లేదో కూడా ముందురోజే చూసుకోండి.

పూర్తయ్యాక యంత్రం రెండు మూడుసార్లు దానంతట అదే ఆగి మొదలుకావచ్చు. డీడీఆర్5 మెమొరీ అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండవచ్చు. కంగారుపడి స్విచ్ తీయకండి. తరువాత బయోస్‌లోకి వెళ్ళి డిఫాల్ట్ సెట్టింగులు లోడ్ చేసి, మీరు తీసిన ఫొటోలు చూస్తూ ఒక్కొక్కటే మార్చండి. డిస్కు ముందు రెయిడ్ పద్ధతిలో ఉండి ఇప్పుడు ఏహెచ్‌సీఐలోకి మారితే విండోస్ మొదలుకాకపోవచ్చు. దాన్ని చూసి బయోస్ పాడైందని అనుకోకండి.

నిజంగానే చెడిపోతే? బోర్డు వెనుక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే అదృష్టమే. ప్రాసెసర్ లేకపోయినా, దానికి కేటాయించిన యూఎస్‌బీ పోర్టు నుంచి ఫైలు చదివి చిప్‌ను తిరిగి రాస్తుంది. ఫైలుకు ఏ పేరు పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది, ఒక్క అక్షరం తేడా వచ్చినా పనిచేయదు. ఆ బటన్ లేకపోతే, చిప్‌కు క్లిప్పు తగిలించి ప్రోగ్రామర్‌తో రాసే మెకానిక్ దగ్గరకు పోవాలి. ల్యాప్‌టాప్ అయితే, చిప్‌లో ఉన్నదాన్ని ముందు కాపీ తీసి ఉంచమని అతనికి చెప్పండి. మీ యంత్రం సీరియల్ నంబరు, చాలాసార్లు విండోస్ కీ కూడా అందులోనే ఉంటాయి.