మ్యూజియానికి తగిన స్థలం

జాతీయ ప్రాముఖ్యం గల మ్యూజియానికి నగరంలో స్థలాన్ని నిర్ణయించేటప్పుడు విశాలత ఒక్కటే చాలదు. ప్రజలు సులభంగా చేరగలగాలి. సేకరణకు రక్షణ ఉండాలి. ఈ రెండూ ఒకేచోట అరుదుగా కుదురుతాయి. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమే ఇందుకు నిదర్శనం.

1951లో దివాన్ దేవిడీ భవనంలో ప్రారంభమైన ఈ మ్యూజియం 1968లో మూసీ దక్షిణ తీరాన నిర్మించిన నూతన భవనానికి తరలింది. నేడు మక్తల్ నుండి వచ్చే విద్యార్థి మహాత్మాగాంధీ బస్‌స్టేషనులో దిగి, కొద్దిసేపటిలో అక్కడికి చేరుకోగలడు. అయితే అదే మూసీ 1908లో పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. అనంతరం ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. ప్రమాదం తగ్గినా తొలగిపోలేదు. 2025 సెప్టెంబరులో వరదనీరు ఆ బస్‌స్టేషనులోకే ప్రవేశించింది.

తడిసి చెడిన రాతప్రతిని తిరిగి సంపాదించలేము. కనుక నదీతీరాన్ని ఎన్నుకొన్నప్పుడు, అపురూప వస్తువులను పై అంతస్తులలో భద్రపరిచే ఏర్పాటును నిర్మాణానికి ముందే ఆలోచించాలి.