రోడ్డు ప్రమాదం: తొలి గంట నుండి పరిహారం వరకు

భవన నిర్మాణపు పనులకై మహబూబ్‌నగర్ ప్రాంతం నుండి మహారాష్ట్రకు వలసపోయే కుటుంబాలు అనేకం. అట్టి కుటుంబంలో సంపాదించే వ్యక్తి పూనా రహదారిపై కారు ఢీకొని మరణించినాడనుకొందాం. పరిహారం కొరకు ఇంటివారు భాష తెలియని ఆ దూరపు నగరంలో న్యాయస్థానాల చుట్టూ తిరగవలసినదేనా? అక్కరలేదని చట్టం చెబుతున్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 1994లో జరిగిన సవరణ ప్రకారం, ప్రమాదం జరిగిన చోటనే కాక, హక్కుదారులు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్ ఎదుట కూడా దావా వేయవచ్చును. అయితే దావా స్వగ్రామానికి సమీపంలో నడిచినను, దానికి వలసిన ఆధారాలు మాత్రం ప్రమాదస్థలంలోనే లభిస్తాయి. తొలి గంటలలో చేసిన పనియే తరువాత కుటుంబాన్ని కాపాడుతుంది.

తొలి గంట

ముందుగా చేయవలసినది ప్రాణరక్షణ. గాయపడిన పిదప తొలి గంటలోగా చికిత్స అందితే మరణాన్ని నివారించే అవకాశం అత్యధికం. అందుచేతనే చట్టం దీనిని ‘స్వర్ణ ఘడియ’గా గుర్తించినది. 112కు గాని, 108కు గాని ఫోను చేయాలి. 108 అంబులెన్సు సేవ 2005లో హైదరాబాదులో ఆరంభమై పలు రాష్ట్రాలకు విస్తరించినది. గాయపడినవారికి డ్రైవరు వైద్య సహాయం అందేటట్లు చూడాలి. 24 గంటలలోగా పోలీసులకు తెలియజేయాలి. లాంఛనాల కొరకు వేచియుండక వెంటనే చికిత్స చేయడం వైద్యుని విధి. సాయపడిన బాటసారిపై కేసు పెట్టరాదని 2019 సవరణ స్పష్టం చేసినది. 2025లో అమలులోకి వచ్చిన పథకం క్రింద, నిర్దేశిత ఆసుపత్రులలో ప్రమాదం నాటి నుండి 7 రోజుల వరకు ఒక్కొక్కరికి రూ. 1.5 లక్షల మేరకు నగదు చెల్లించకుండానే చికిత్స పొందవచ్చును.

కాగితాల విలువ

ఢీకొన్న వాహనం నంబరు, స్థలం, సమయం, సాక్షుల చిరునామాలు వ్రాసి ఉంచాలి. వాహనాలను కదల్చకముందే ఫొటోలు తీయడం మేలు. నంబరు తెలిస్తే ఆ వాహనానికి బీమా చేసిన సంస్థ ఏదో పోలీసుల ద్వారా తెలుస్తుంది. 2022 నాటి నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటలలోగా ట్రిబ్యునల్‌కు, బీమా సంస్థకు తొలి నివేదిక పంపాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టం నివేదిక లేదా వైద్య ధ్రువపత్రం, ఆసుపత్రి బిల్లులు, వయస్సుకు, ఆదాయానికి సంబంధించిన రుజువులు భద్రపరచాలి.

బీమా ఎవరికి?

ప్రతి వాహనానికి తప్పనిసరియైన ‘థర్డ్ పార్టీ’ బీమా ఇతరులకు కలిగే నష్టానికే వర్తిస్తుంది. తన కారుకు జరిగిన నష్టానికి యజమాని వేరుగా సమగ్ర బీమా చేసి ఉండాలి. అట్టి సందర్భంలో బీమా సంస్థకు వెంటనే తెలియజేసి, సర్వేయరు పరిశీలించిన పిమ్మటనే మరమ్మతు చేయించాలి.

పరిహారం లెక్క

తప్పు ఎవరిదో నిరూపించనక్కరలేకుండా మరణానికి రూ. 5 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 2.5 లక్షలు పొందే వీలు 164వ సెక్షను క్రింద కలదు. ఢీకొన్న వాహనం ఆచూకీ దొరకని పక్షంలో మరణానికి రూ. 2 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 50 వేలు లభిస్తాయి.

నిర్లక్ష్యాన్ని నిరూపించి 166వ సెక్షను క్రింద పొందే పరిహారం ఇంతకంటె ఎంతో అధికం కావచ్చును. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేథీ కేసులోను దీనికి లెక్క నిర్ణయించినది. ఉదాహరణకు, నెలకు రూ. 15,000 సంపాదించే 32 ఏండ్ల మేస్త్రీ మరణించినాడనుకొందాం. అతని వార్షికాదాయం రూ. 1,80,000. భవిష్యత్ ఆదాయవృద్ధి క్రింద 40 శాతం కలిపితే రూ. 2,52,000. అతనిపై నలుగురు ఆధారపడి ఉంటే, సొంత ఖర్చుల క్రింద నాలుగవ వంతు తీసివేయగా మిగులునది రూ. 1,89,000. ఆ వయస్సుకు నిర్ణయించిన 16తో హెచ్చవేస్తే రూ. 30,24,000. అంత్యక్రియలు మొదలైన పద్దులు దీనికి అదనం.

ఇక్కడనే జాగరూకత అవసరం. 164వ సెక్షను మొత్తాన్ని నిర్ణీత విధానంలో అంగీకరిస్తే ట్రిబ్యునల్ ఎదుట ఉన్న దావా రద్దవుతుంది. తొందరపడి సంతకం చేసిన కుటుంబం తనకు న్యాయంగా రావలసిన దానిలో అధికభాగం కోల్పోవచ్చును. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్హులకు ఉచిత సలహా లభిస్తుంది. సంతకానికి ముందే అడిగి తెలుసుకోవడం శ్రేయస్కరం.

2022 ఏప్రిల్ 1 నుండి అమలైన సవరణ, దావా దాఖలుకు ప్రమాదం నాటి నుండి 6 నెలల గడువు విధించినది. దుఃఖంలో ఉన్నవారికి ఈ కాలం త్వరగా గడచిపోతుంది. న్యాయస్థానాన్ని బాధితుని ఇంటి సమీపానికి తెచ్చిన చట్టం, వాహనం నంబరును వ్రాసిపెట్టలేదు, బిల్లులను దాచిపెట్టలేదు. ఆ పని ప్రమాదస్థలంలో ఉన్న తోటి పౌరునిది, అనంతరం కుటుంబానిది.