తలనొప్పికి జాతకం

మా అమ్మకు నెలకు రెండుసార్లయినా ఒంటి కణత నొప్పి వచ్చేది. కిటికీలు మూసేసి, కణతలకు శొంఠి పట్టు వేసుకుని పడుకునేది. "పని కనబడితే చాలు, తలనొప్పి తయారు" అనేది మా నాయనమ్మ. అమ్మ జవాబు చెప్పేది కాదు. చూపించడానికి సాక్ష్యమేదీ?

ఆ ఆస్తి నాకూ సంక్రమించింది. కాలేజీలో పాఠం చెబుతుండగా అక్షరాల మీద మెరుపు గీతలు నాట్యమాడాయంటే నొప్పి గుమ్మంలో ఉన్నట్టే. వైద్యులు దీన్ని మైగ్రేన్ అంటారు. మందు పడకపోతే 4 గంటల నుంచి 3 రోజుల దాకా ఉండవచ్చు.

కిందటేడు మా అమ్మాయి నా చేతికి స్మార్ట్ వాచీ కట్టింది. దాని అడుగున ఆకుపచ్చ దీపం మిణుకుమంటుంది. చర్మం కింద నెత్తురు పొంగినప్పుడల్లా ఆ వెలుగు కాస్త ఎక్కువగా ఇంకిపోతుంది. తిరిగొచ్చిన వెలుగును బట్టి నాడి లెక్క. ఒంటి కదలికను బట్టి నిద్ర లెక్క. (నేను కదలకుండా పడుకుని నవల చదివితే నిద్రపోయానని రాసుకుంది, పిచ్చి గడియారం!)

తలనొప్పి సంగతి మాత్రం అది చెప్పదు. 2015లో మాడ్రిడ్ పరిశోధకులు చర్మపు వేడి, చెమట, నాడి, నెత్తుటిలోని ఆక్సిజన్ కనిపెట్టి, సుమారు ముప్పావు గంట ముందే నొప్పిని పసిగట్టవచ్చునన్నారు. కాని వారు చూసింది ఇద్దరు రోగులనే. ఆ ముప్పావు గంట తక్కువేం కాదు. ట్రిప్టాన్ మాత్ర నొప్పి ముదరకముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. అయితే గడియారం ఉత్తుత్తినే బెదిరిస్తే? నెలకు 10 రోజులూ, ఆపైనా అదే పనిగా మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి.

అందుకని నేనొక నోటుపుస్తకం కూడా పెట్టాను. మూడు నెలల తరువాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సిగ్గేసింది. ఏళ్ల తరబడి పకోడీలను తిట్టుకున్నాను. తీరా చూస్తే ముందురోజే ఆవులింతలు, మెడ పట్టేయడం, ఏదో ఒకటి తినాలన్న యావ. నొప్పి అప్పటికే బయలుదేరిందన్నమాట. పాపం, పకోడీ దాని వెనక వచ్చింది! అసలు దోషి ఆదివారం. వారమంతా అయిదున్నరకు లేచి, ఆనాడు ఎనిమిది దాకా పడుకునేదాన్ని. ఇప్పుడు ఆదివారమూ అయిదున్నరే. నొప్పి పోలేదు, తగ్గింది.

మొన్న సెలవులకు వెళ్లి ఆ గీతలు అమ్మకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "మీ నాయనమ్మ ఉంటే బాగుండేదే" అంది.

వయసు మళ్లాక అమ్మకు ఆ నొప్పి రావడం లేదు. అయినా ఆ రాత్రి వాచీ అడిగి, చేతికి కట్టుకుని పడుకుంది.