కంపెనీ పన్నుల నిపుణుడు

ప్రభుత్వము చేయు పనులకన్నిటికిని ధనము కావలెను. పాఠశాలలు, రహదారులు, జలాశయములు, దేశరక్షణ మున్నగునవి యెల్ల పన్నుల మూలముననే సాగుచున్నవి. మన దేశమున ఆదాయపు పన్నును 1860లో జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టెను. 1857 నాటి తిరుగుబాటు వలన కలిగిన వ్యయభారమును తీర్చుకొనుటయే నాటి పాలకుల ఉద్దేశము. నేడు వ్యక్తులవలెనే కంపెనీలును తమ లాభముపై పన్ను చెల్లింపవలెను. దానిని సరిగా లెక్కించి, సకాలమున చెల్లింపజేయు బాధ్యత కంపెనీలోని పన్నుల నిపుణునిది.

లాభమును లెక్కించుట సులభమని తోచును గాని, అది నిజము కాదు. ఒక కర్మాగారము 10 లక్షల రూపాయలతో యంత్రమును కొన్నదనుకొనుడు. ఆ సొమ్మంతయు ఆ సంవత్సరపు ఖర్చుగా చూపుటకు వీలులేదు. యంత్రము పెక్కేండ్లు పనిచేయును గదా! కావున సాధారణ నియమము ననుసరించి ఏటేట నూటికి 15 వంతున తరుగుదలను మాత్రమే తీసివేయుదురు. మొదటి యేడు 1,50,000 రూపాయలు. రెండవ యేడు, మిగిలిన 8,50,000 రూపాయలపై 1,27,500 రూపాయలు. ఆ యంత్రమునకే చేయించిన చిన్న మరమ్మతు ఖర్చును మాత్రము ఆ యేటనే పూర్తిగా తీసివేయవచ్చును. ఏది మరమ్మతు, ఏది క్రొత్త ఆస్తి యను విచక్షణయే ఈ వృత్తికి ప్రాణము.

ఈ పనికి కంపెనీలు ఎక్కువగా చార్టర్డ్ అకౌంటెంట్లను ఎన్నుకొనును. వారి సంస్థ 1949లో చట్టము ద్వారా ఏర్పడినది. ఈ వృత్తిని కోరువారు మూడు అంచెల పరీక్షలలో నెగ్గి, అనుభవజ్ఞుడైన ఆడిటరు వద్ద శిక్షణ పొందవలెను. న్యాయశాస్త్రము చదివినవారును ఈ రంగమున ప్రవేశింపవచ్చును. అభ్యర్థిని ఎన్నుకొనునపుడు పెద్దలు మార్కులతో తృప్తిపడరు. తెలియని విషయమున ఊహించి చెప్పువానికన్న, చట్టము చూచి చెప్పెదనను వానినే మేలైనవానిగా ఎంచుదురు.

క్రొత్తగా చేరినవాడు రశీదులను సరిచూచుట, జీతములనుండి మినహాయించిన పన్నును గడువులోగా ఖజానాకు జమచేయించుట, రిటర్నులను సిద్ధపరచుట మొదలగు పనులు నేర్చును. పిమ్మట అధికారుల నోటీసులకు జవాబులు వ్రాయును. వివాదము తెగనిచో అప్పీలు అధికారి, ట్రిబ్యునలు, హైకోర్టు, సుప్రీంకోర్టు అను క్రమమున అది సాగును. ఆ వాదములకు వలయు ఆధారములను అతడే సమకూర్చును. తుదకు పన్నుల శాఖాధిపతియై, డైరెక్టర్లు ఏ నిర్ణయమునైనను చేయకమునుపే సలహా చెప్పు స్థానమును పొందును.

ఆ స్థానమున తెలివితోపాటు ధైర్యమును కావలెను. పన్ను తగ్గింపుమని యజమానులు కోరుట సహజము. చట్టమొసగిన రాయితీని వాడుకొనుట న్యాయమే. ఆదాయమును దాచుటయో, దొంగ రశీదులు చూపుటయో నేరము. ఈ రెండింటి నడుమ, కాగితముపై చట్టబద్ధముగా తోచు కపటోపాయములు కలవు. మెక్‌డోవెల్ కంపెనీకిని ఆంధ్రప్రదేశ్ వాణిజ్యపన్నుల అధికారికిని నడుమ జరిగిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1985లో ఈ విషయమును విచారించినది. మద్యమును కొనువారు ఎక్సైజు సుంకమును నేరుగా ఖజానాకు చెల్లించిరి గనుక, అది తమ అమ్మకపు మొత్తములో చేరదని కంపెనీ వాదించినది. న్యాయస్థానము ఆ వాదము నంగీకరింపలేదు. చట్టమునకు లోబడిన ప్రణాళిక తప్పుకాదనియు, కపటోపాయములు అట్టి ప్రణాళిక కాజాలవనియు తీర్పు చెప్పినది. ఆ తీర్పునిచ్చిన ధర్మాసనమున తెలుగువారైన ఓ. చిన్నపరెడ్డి గారుండిరి.

కావున ఉత్తముడైన శాఖాధిపతి యజమాని కోపమునకు వెరచి తప్పుడు లెక్కపై సంతకము చేయడు. తన క్రింది ఉద్యోగిచేతను చేయింపడు. క్రిందివారి పొరపాటును తానే ముందుగా గుర్తించి సరిదిద్దును. వారికి చట్టమును బోధించును. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగా పార్లమెంటు 2025లో క్రొత్త చట్టమును చేసినది. ఇట్లు చట్టములు మారుచుండును గనుక ఈ వృత్తిలో చదువునకు ముగింపు లేదు.

అంకెలు నేర్చుట చాలమందికి సాధ్యము. ఆ అంకెలు సత్యమును చెప్పునట్లు చూచుటయే కష్టము. అది చేయగలవానినే కంపెనీయు, ప్రభుత్వమును ఒకేరీతిగా విశ్వసించును.