గుండె ధమనిలో బుడగ

ఇంట్లో తాతయ్యకో, నాన్నకో, పెద్దమ్మకో గుండె రక్తనాళం ఇరుకైందని, యాంజియోప్లాస్టీ చేయాలని డాక్టరు చెప్పారనుకోండి. ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. పెద్దవాళ్లు ఓ మూల చేరి మెల్లగా మాట్లాడుకుంటారు. మీరు వెళ్లి ఏమిటని అడిగితే "నీకెందుకు, పోయి చదువుకో" అంటారు. సంగతి తెలియకపోవడం వల్ల భయం ఇంకా పెరుగుతుంది. నిజానికి ఈ చికిత్సలో మీకు అర్థం కానిది ఏమీ లేదు. హైస్కూల్లో నేర్చుకున్న భౌతికశాస్త్రం, జీవశాస్త్రం చాలు.

గుండెకూ రక్తం కావాలి

గుండె మన పిడికిలంత ఉంటుంది. రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని తోడి పోస్తుంది. ఎప్పుడూ రక్తంతో నిండి ఉండే గుండెకు వేరే రక్తం ఎందుకు? మంచిప్రశ్నే. నిండు బిందె నెత్తిన పెట్టుకుని నడిచే మనిషికి దాహం వేస్తే, బిందె మోసినంత మాత్రాన దాహం తీరుతుందా? గుండె గోడలు మందమైన కండరంతో తయారయ్యాయి. లోపలి గదుల్లోని రక్తం నుంచి ఆ మందమంతటికీ ఆక్సిజన్ అందదు.

అందుకని గుండెకు సొంతంగా రెండు ధమనులున్నాయి. బృహద్ధమని గుండె నుంచి బయలుదేరే చోటనే ఇవి చీలుతాయి. కిరీటంలాగా గుండెను చుట్టుకుని కొమ్మలుగా విస్తరిస్తాయి. లాటిన్ భాషలో 'కరోనా' అంటే కిరీటం. అందువల్ల వీటికి కరోనరీ ధమనులని పేరు వచ్చింది. తెలుగులో హృదయ ధమనులు అనవచ్చు. ఎడమ ధమని మళ్లీ రెండు పెద్ద కొమ్మలుగా చీలుతుంది. కనుక మొత్తం మూడు ముఖ్య ధమనులని డాక్టర్లు లెక్కపెడతారు. "మూడింటిలో రెండు బ్లాకయ్యాయి" అంటే అర్థం ఇదే. వీటి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. అంటే ఇంచుమించు బాల్ పెన్ను రీఫిల్ అంత!

ఇరుకైతే ఏమవుతుంది?

ఏళ్ల తరబడి ధమని గోడలో కొలెస్టరాల్ వంటి కొవ్వు పదార్థాలు చేరి గడ్డ కడతాయి. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహం, రక్తంలో ఎక్కువైన కొలెస్టరాల్, వంశపారంపర్యం దీనికి తోడ్పడతాయి. దారి క్రమంగా ఇరుకవుతుంది.

ఇక్కడ ఒక లెక్క చూద్దాం. గొట్టాలలో ద్రవాలు ఎలా ప్రవహిస్తాయో 19వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు వైద్యుడు ప్వాజయ్ పరిశోధించాడు. ద్రవం ప్రశాంతంగా పారుతున్నప్పుడు ప్రవాహం గొట్టం వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుందని ఆయన కనిపెట్టాడు. వ్యాసార్ధం సగమైతే అక్కడ నిరోధం రెండు రెట్లు కాదు, 2×2×2×2, అంటే 16 రెట్లు పెరుగుతుంది!

మరి చాలామందికి ఏళ్ల తరబడి ఏమీ తెలియదెందుకు? ఇరుకు చోటుకు దిగువనున్న చిన్న నాళాలు వెడల్పై ప్రవాహాన్ని కాపాడుకొస్తాయి. కూర్చున్నప్పుడు ఏ బాధా ఉండదు. మేడమెట్లు ఎక్కినప్పుడో, బస్సు కోసం పరుగెత్తినప్పుడో గుండెకు ఎక్కువ రక్తం కావలసి వస్తుంది. అది అందక ఛాతీలో బరువుగా, పట్టేసినట్టుగా నొప్పి వస్తుంది. ఆగితే తగ్గుతుంది. దీన్ని యాంజైనా అంటారు.

గుండెపోటు ఇంతకంటె ప్రమాదకరం. ధమనిలోని కొవ్వు గడ్డ ఉన్నట్టుండి చిట్లుతుంది. గాయమైందనుకుని రక్తం అక్కడ గడ్డకట్టి దారి పూర్తిగా మూసేస్తుంది. ఆ ధమని మీద ఆధారపడిన కండరం కొద్ది సేపట్లోనే చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన గుండె కండరం మళ్లీ పెరగదు.

సాహసికులు, ఓపికమంతులు

గుండె లోపలికి గొట్టం పంపవచ్చునని 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అనే యువ డాక్టరు నిరూపించాడు. పై డాక్టరు వద్దన్నా వినకుండా, తన చేతి సిరలోకే సన్నని గొట్టాన్ని దూర్చుకుని గుండెదాకా తోశాడు. అలాగే ఎక్స్-రే గదికి నడిచి వెళ్లి ఫోటో తీయించుకున్నాడు! చీవాట్లు తిన్నాడు. కాని 1956లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఇలాంటి ప్రయోగం మీరెవరూ చేయకూడదని వేరే చెప్పనక్కరలేదు.

1958లో అమెరికాలో మేసన్ సోన్స్ గుండెను పరీక్షిస్తుండగా ఎక్స్-రేలో కనిపించే మందు అనుకోకుండా హృదయ ధమనిలోకే వెళ్లింది. రోగికి ప్రమాదం తప్పింది. హృదయ ధమనులను నేరుగా ఫోటో తీసే పద్ధతి దొరికింది. అదే కరోనరీ యాంజియోగ్రామ్.

1964లో చార్లెస్ డాటర్ అనే అమెరికా వైద్యుడు, ఒక వృద్ధురాలి కాలి ధమనిలోని ఇరుకును గొట్టాలతోనే వెడల్పు చేశాడు. ఆ పని బుడగతో చేయాలని ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు స్విట్జర్లాండులో పట్టుబట్టాడు. కాని ఒక చిక్కు వచ్చింది. సైకిల్ ట్యూబును ఒకచోట తాడుతో గట్టిగా బిగించి గాలి కొట్టి చూడండి. ట్యూబు బిగించిన చోట ఉబ్బదు, దాని పక్కన ఉబ్బుతుంది. మెత్తని బుడగ కూడా ధమనిలో అంతే చేస్తుంది. అందుకని నిర్ణీత వెడల్పు దాటి సాగని, గట్టి ప్లాస్టిక్ బుడగ కావాలి. గ్రుంట్‌జిగ్ తన ఇంట్లో వంటగది బల్లమీదే ఎన్నో బుడగలు చేసి చూశాడు. చివరకు 1977 సెప్టెంబరు 16న జూరిచ్‌లో 38 ఏళ్ల మనిషికి మొదటిసారి హృదయ ధమనిని బుడగతో తెరిచాడు. పదేళ్ల తరువాత పరీక్షించినా ఆ ధమని తెరుచుకునే ఉంది. అది చూడడానికి గ్రుంట్‌జిగ్ లేడు. 1985లో విమాన ప్రమాదంలో 46వ ఏట మరణించాడు.

ఆ రోజు ఏం చేస్తారు?

రోగిని క్యాథ్ ల్యాబ్ అనే గదికి తీసుకువెళతారు. సాధారణంగా మత్తుతో నిద్రపుచ్చరు. మణికట్టు దగ్గరో, గజ్జలోనో చిన్న చోటు మాత్రం మొద్దుబారేలా ఇంజెక్షను ఇస్తారు. అక్కడి ధమనిలోంచి సన్నని గొట్టం గుండెవైపు పంపుతారు. అది లోపల వెళుతుంటే నొప్పి దాదాపు తెలియదు. ధమనుల లోపలి పొరలో స్పర్శ తెలిపే నాడులు లేవు కనుక!

తరువాత అయొడిన్ కలిసిన మందు వదులుతారు. అయొడిన్ పరమాణువులు బరువైనవి, ఎక్స్-కిరణాలను ఆపుతాయి. అందువల్ల ధమనులు తెరమీద చెట్టుకొమ్మల్లా కనిపిస్తాయి. ఇరుకైన చోటు తెలిసిపోతుంది. అర మిల్లీమీటరు మందం కూడా లేని తీగను ఆ ఇరుకు దాటిస్తారు. ఆ తీగమీదుగా, ముడుచుకున్న బుడగను పంపి, కొన్ని క్షణాలు ఉబ్బిస్తారు. లోపలి పీడనం సుమారు 10 అట్మాస్ఫియర్లు, అంటే కారు టైరులోని దానికి నాలుగైదు రెట్లు. బుడగలో నింపేది గాలి కాదు, అయొడిన్ మందు కలిపిన ద్రవం. బుడగ పగిలితే గాలి ధమనిలో అడ్డుపడుతుంది, ద్రవమైతే రక్తంలో కలిసిపోతుంది. బుడగ ఉబ్బిన క్షణాల్లో ప్రవాహం ఆగుతుంది. అప్పుడు కాస్త ఛాతీనొప్పి రావచ్చు. ఆ సంగతి ముందే తెలిస్తే రోగి బెదరడు.

బుడగ తీసేశాక ధమని మళ్లీ ముడుచుకుపోకుండా స్టెంటు అమరుస్తారు. ఇది వెంట్రుకంత సన్నని లోహపు కడ్డీల వల. బుడగమీద ముడుచుకుని వెళ్లి, బుడగ ఉబ్బినప్పుడు విచ్చుకుని అక్కడే ఉండిపోతుంది. 1986లో ఫ్రాన్సులో మొదటిసారి మనిషి హృదయ ధమనిలో స్టెంటు వేశారు. 1990 దశకంలో మన హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధర స్టెంటును రూపొందించారు. దానికి కలాం-రాజు స్టెంటు అని పేరు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్ల ధరలకు గరిష్ఠ పరిమితి విధించింది.

అందరికీ ఇదే చికిత్సా?

కాదు. గుండెపోటు వచ్చినప్పుడు మూసుకున్న ధమనిని త్వరగా తెరవడం ప్రాణం కాపాడుతుంది. నిలకడగా ఉన్న యాంజైనాకు చాలామందికి మొదట మందులు చాలవచ్చు. స్టెంటు నొప్పిని తగ్గించినా, మందుల అవసరం తీరిపోదు. మూడు ధమనులూ బాగా చెడితే బైపాస్ శస్త్రచికిత్స మేలు కావచ్చు. అందులో కాలి సిర వంటి మరో నాళాన్ని తెచ్చి, రక్తానికి పక్కదారి వేస్తారు. ప్రమాదం బొత్తిగా లేని చికిత్స ఏదీ లేదు. రక్తస్రావం, అరుదుగా గుండెపోటు, పక్షవాతం రావచ్చు. అందుకే డాక్టర్లు ముందుగా సంతకం తీసుకుంటారు. సంతకం అడిగారంటే రోగి బ్రతకడని అర్థం కాదు.

మీరు చేయగల సాయం

స్టెంటు కొత్త లోహం. దానిమీద రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తోపాటు మరో మాత్ర ఇస్తారు. డాక్టరు చెప్పకుండా ఇవి మానితే స్టెంటు ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు. "ఒంట్లో బాగానే ఉంది, ఇక ఎందుకు?" అని పెద్దవాళ్లు మానేస్తుంటారు. మాత్రల పట్టిక రాసి గోడకు అంటించే పని మీరు తీసుకోండి. తాతయ్య చుట్ట మానేదాకా వదలకండి. ఆయన కోప్పడినా సరే!

మరొకటి గుర్తుంచుకోండి. ఎవరికైనా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే "గ్యాసేలే, సోడా తాగితే పోతుంది" అని కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. అక్కడ పోయే ప్రతి నిమిషమూ గుండె కండరమే.

చేసి చూడండి

ఒక కూల్‌డ్రింకు స్ట్రా, ఒక ఖాళీ రీఫిల్ గొట్టం ఒకే పొడవున కత్తిరించండి. రెండు ఒకేలాంటి ప్లాస్టిక్ సీసాలకు అడుగున రంధ్రం చేసి, ఒక్కోదానికి ఒక్కొక్కటి దూర్చి మైనంతో బిగించండి. రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, ఖాళీ కావడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. రెండు గొట్టాల వెడల్పు స్కేలుతో కొలిచి, వెడల్పు ఎన్ని రెట్లు తగ్గిందో, కాలం ఎన్ని రెట్లు పెరిగిందో లెక్క కట్టండి. ఆ లెక్క తాతయ్యకు కూడా చూపించండి.