జో లూయిస్‌ని ఓడించిన వడ్డీ

బాక్సింగ్ అనగానే మనకి మహమ్మద్ అలీ, మైక్ టైసన్ గుర్తొస్తారు. కానీ హెవీవెయిట్ టైటిల్‌ని వరసగా ఎక్కువ కాలం నిలబెట్టుకున్నది వాళ్లిద్దరూ కాదు, జో లూయిస్. 1937 నుంచి 1949 దాకా, 25 సార్లు. అలాంటి మనిషి చివరికి అప్పుల్లో ఎలా మునిగాడు? జల్సాలకి తగలేశాడు అనేయడం తేలిక. చేతికి ఎముక లేని మనిషే, నిజమే. అయితే అసలు దెబ్బ వేరే చోట తగిలింది.

లూయిస్ 1914లో అలబామాలో ఒక నల్లజాతి కౌలు రైతు కుటుంబంలో పుట్టాడు, డెట్రాయిట్‌లో పెరిగాడు. 1936లో తనని ఓడించిన జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్‌ని 1938లో 124 సెకన్లలో పడగొట్టాడు. నాజీల మీద కోపంతో ఉన్న అమెరికాలో తెల్లవాళ్లు కూడా ఆ రాత్రి ఒక నల్లజాతి మనిషి గెలవాలని కోరుకున్నారు.

1942లో యుద్ధం నడుస్తోంది. లూయిస్ రెండు టైటిల్ ఫైట్లు ఆడి, తన వాటా డబ్బుని ఒకసారి నేవీ సహాయ నిధికి, ఇంకోసారి ఆర్మీ సహాయ నిధికి ఇచ్చేశాడు. అప్పట్లో నేవీ నల్లవాళ్లని దాదాపుగా వంటా వడ్డనా పనులకే తీసుకునేది. అయినా ఇచ్చాడు. తనూ మామూలు సైనికుడిగా ఆర్మీలో చేరాడు.

ఇక్కడే చిక్కు వచ్చింది. దానం చేసిన ఆ డబ్బుని కూడా పన్నుల శాఖ అతని ఆదాయంగానే లెక్కేసింది. పాత లెక్కలన్నీ తిరగేసి 1950లో జరిమానా, వడ్డీతో కలిపి 5 లక్షల డాలర్లకి పైగా బాకీ తేల్చింది. అది తీర్చాలంటే సంపాదించాలి. కానీ పై స్లాబ్‌లో పన్ను 90 శాతం దాకా ఉన్న రోజులవి. కొత్తగా సంపాదించిన దాంట్లో పెద్ద భాగం ఆ ఏడాది పన్నుకే సరిపోయేది. పాత బాకీ మీద వడ్డీ మాత్రం ఆగదు. మా సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, బయటికి దారి లేని లూప్.

అందుకే రిటైరైనవాడు మళ్లీ రింగ్‌లోకి దిగాడు. 1950లో ఎజార్డ్ చార్ల్స్ చేతిలో పాయింట్ల మీద ఓడాడు. 1951లో, 37 ఏళ్ల వయసులో, రాకీ మార్సియానో ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. తర్వాత డబ్బు కోసం రెజ్లింగ్ కూడా చేశాడు. బాకీ 10 లక్షల డాలర్లు దాటింది. 1960లలో పన్నుల శాఖ మెత్తబడి, అప్పటి ఆదాయం మీద పన్ను కడితే చాలంది. ఆ తర్వాత లాస్ వేగాస్‌లో సీజర్స్ ప్యాలెస్ అనే హోటల్‌లో వచ్చినవాళ్లని పలకరించే ఉద్యోగం చేశాడు.

1981లో లూయిస్ చనిపోతే, అధ్యక్షుడు రీగన్ నిబంధనలు సడలించి, సైనికుల శ్మశానమైన ఆర్లింగ్టన్‌లో చోటిచ్చారు. నన్ను ఎక్కువగా కదిలించింది ఇంకో విషయం. అంత్యక్రియల ఖర్చులో కొంత మాక్స్ ష్మెలింగ్ పెట్టుకున్నాడు. 124 సెకన్లలో ఓడిపోయినవాడు ఎప్పుడో అతనికి స్నేహితుడైపోయాడు.