మూసికొనిన హృదయధమని: రెండవ ప్రయత్నము

హృదయము దేహమునకెల్ల రక్తము నంపుచుండును. అయినను తన కండరమునకు వలయు రక్తమును మాత్రము కరోనరీ ధమనుల మూలముననే పొందును. ఇవి హృదయముపై కిరీటమువలె చుట్టుకొని యుండుటచే నా పేరు గలిగెను. క్రొవ్వును సున్నమును చేరి వీనిలో నొకటి పూర్తిగ మూసికొని, మూడు మాసములకు తక్కువ గాక యట్లే యున్నయెడల దానిని చిరకాల సంపూర్ణావరోధ మందురు.

అట్లయ్యు హృదయ మేల నిలిచిపోదని చదువరు లడుగవచ్చును. పెద్దకాలువ పూడినప్పుడు నీరు ప్రక్కబోదెల వెంట పొలము చేరినట్లు, పొరుగు ధమనులనుండి సన్నని నాళముల ద్వారా కొంత రక్తము వచ్చుచుండును. విశ్రాంతివేళ నది చాలును. మెట్లెక్కునప్పుడు చాలక ఱొమ్మునొప్పియు నాయాసమును గలుగును.

1977 సెప్టెంబరు 16 వ తేదీని జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అను వైద్యుడు సన్నని గొట్టము కొననున్న బెలూను నుబ్బించి, ఇరుకైన హృదయధమనిని మొట్టమొదట వెడల్పు చేసెను. ఇరుకైన ధమనిలో తీగె దూరుటకు సందు గలదు. పూర్తిగ మూసికొనినదానిలో నదియు లేదు. మిల్లీమీటరులో మూడవవంతునకు కొంచెము మించిన లావుగల తీగెతో వైద్యుడు త్రోవ వెదుకవలెను. తీగె ధమనిగోడ పొరలలో దూరవచ్చును. గోడకు రంధ్రము పడవచ్చును. రంగుమందు మితిమీరిన మూత్రపిండములకును, ఎక్సు కిరణములు మితిమీరిన చర్మమునకును హాని. కావున సకాలమున పని నాపుట వివేకమే గాని యోటమి గాదు.

రెండవ ప్రయత్నము సులభము గాదు. 2011 లో జపాను వైద్యులు ప్రకటించిన కొలమానమున కష్టమును దెలుపు లక్షణము లైదు: అడ్డు మొదలు మొద్దుగా నుండుట, సున్నము, వంపు, 20 మిల్లీమీటర్లు గాని యంతకు మించి గాని నిడివి, లోగడ ప్రయత్నము విఫలమై యుండుట. అయినను మొదటిసారి తీగె యెచ్చట దారితప్పెనో యిప్పుడు తెలియును. మొదటిసారియే అడ్డులో బెలూను నుబ్బించి, స్టెంటు పెట్టక విడిచి, కొన్ని వారములకు రోగిని మరల రప్పించుటయు గలదు. ఈలోపల గాయపడిన గోడ మానును. లేదా కండరమును బ్రదికించిన యా ప్రక్కబోదెల వెంటనే తీగెను నడిపి, అవతలి కొననుండి అడ్డును ఛేదింతురు.

అందఱికి నిది యవసరమా? 2018 లో వెలువడిన యూరపు పరిశోధనలో, మందులు మాత్రమే వాడినవారికంటె ధమని తెఱపించుకొన్నవారికి నొప్పి యెక్కువ తగ్గెను. 2019 లో వెలువడిన కొరియా వైద్యుల పరిశోధనలో మరణములుగాని గుండెపోట్లుగాని తగ్గినట్లు కనబడలేదు. కావున ముఖ్యముగ నిది బాధ నుపశమింపజేయుటకే గాని యాయువు పెంచునని నిశ్చయముగ జెప్పరాదు. మందులతో నొప్పి యణగినవారు తొందరపడ నక్కఱలేదు. అణగనివారు మొదటి వైఫల్యముతో నాశ విడువ నక్కఱలేదు. కొందఱికి శస్త్రచికిత్సయే మేలు.

విద్యార్థులారా! మీ యింటి పెద్దలకు మరల ప్రయత్నింతమని వైద్యుడు చెప్పినయెడల రెండు ప్రశ్న లడుగుడు: దీనివలన ఏ బాధ తీరును? ఈసారి మీరు దేనిని మార్చెదరు? వీనికి స్పష్టమైన సమాధానము దొరకిన పిదపనే సమ్మతింపుడు.